చలి మీద నెపం వేసి సెల్ఫ్‌కి స్క్రూడ్రైవర్ పెట్టకండి

ధనుర్మాసం మొదలైందంటే మా పామర్రు వైపు ఊళ్లలో గుడి మైకు కంటే ముందు వినిపించేది ట్రాక్టర్ సెల్ఫ్. ఒక వాకిట్లో కిర్రుమని తిరిగి ఆగుతుంది. ఇంకో వాకిట్లో రెండు మూడు ఊపులకు అందుకుంటుంది. మరోచోట టక్ టక్ మని కొట్టి ఊరుకుంటుంది. మంచం మీద నుంచి లేవకుండానే అది ఎవరి బండో, దానికేం జబ్బో చెప్పగలను. స్టార్ట్ కాని బండి దగ్గర నిలబడ్డ ప్రతివాడి నోటా మాత్రం ఒకటే మాట: "చలికి పట్టేసింది."

ఈ మాట మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. బండి జబ్బేమిటో చూడకుండా ఈ మాటతో సరిపెట్టుకోవడం వల్లే ప్రాణాల మీదికి తెచ్చే పనులు మన వాకిళ్లలో మామూలైపోయాయి.

ఇంతకీ మన చలి ఎంత? విజయవాడలో డిసెంబరు, జనవరి తెల్లవారుజామున మామూలుగా 17 నుంచి 20 డిగ్రీలు ఉంటుంది. బాగా చలి పెట్టిన ఏడాది ఇంకో రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. అదే రోజుల్లో చింతపల్లి దగ్గర లంబసింగిలో సున్నాకు చేరువగా వెళ్తుంది. ఆదిలాబాద్‌లో అయిదారు డిగ్రీలు చూస్తారు. పంజాబ్ రైతులు జనవరి పొగమంచులో మూడు, నాలుగు డిగ్రీల దగ్గర బండి తీస్తారు. కెనడాలోని సస్కాచివాన్‌లో సున్నాకు 30 డిగ్రీలు కిందికి పోయిన రోజులుంటాయి. అక్కడ ఇంజిన్‌కే చిన్న హీటర్ బిగించి, రాత్రంతా కరెంటు ప్లగ్గుకు తగిలించి ఉంచుతారు. అంత చలిలో డీజిల్లో ఉండే మైనం విడిపడి ఫిల్టర్‌ని మూసేస్తుంది. మన దేశపు ప్రమాణాల ప్రకారం చలికాలపు డీజిల్ 3 డిగ్రీల దాకా పారుతూనే ఉండాలి. మరి 17 డిగ్రీల్లో మన డీజిల్‌కి వచ్చిన ఇబ్బంది ఏమీ లేదు. ఆ చలికే బండి మొండికేసిందంటే లోపల ఇంకేదో ఉంది.

అదేమిటో తెలియాలంటే డీజిల్ ఇంజిన్ ఎలా అంటుకుంటుందో కాస్త చెప్పుకోవాలి. పెట్రోల్ బండిలో ఉన్నట్టు దీనికి నిప్పురవ్వ పుట్టించే ప్లగ్ ఉండదు. రుడాల్ఫ్ డీజిల్ 1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో నడిపి చూపించిన పద్ధతే మా పాత మాసీ 1035 ట్రాక్టర్‌లోనూ ఉంది. సిలిండర్లోని గాలిని పిస్టన్ పదహారు, పదిహేడో వంతుకు కుదించేస్తుంది. ఆ నొక్కుడుకే గాలి 500 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది. అందులోకి నాజిల్ డీజిల్‌ని ఆవిరిలా చిమ్మితే దానంతటదే భగ్గుమంటుంది. నొక్కుడు సరిగ్గా పడాలి, పిస్టన్ తగినంత వేగంగా కదలాలి. సెల్ఫ్ మందంగా తిరిగితే గాలి రింగుల పక్కనుంచి జారిపోతుంది, పుట్టిన కాస్త వేడినీ చల్లటి లైనర్ లాగేసుకుంటుంది. అప్పుడు డీజిల్ పడుతుంది గానీ మండదు. సైలెన్సర్‌లోంచి తెల్ల పొగ వస్తుంది. తెల్ల పొగ వస్తోందంటే డీజిల్ లోపలికి అందుతోందనీ, వేడే చాలడం లేదనీ అర్థం. పొగే రాకపోతే డీజిలే అందడం లేదు. ఈ ఒక్క తేడా తెలిసినా సగం మంది పొద్దున్నే పంపు విప్పి కూర్చోరు.

కాబట్టి చలికి పాత్ర లేదనడం లేదు. ఆయిల్ కొంచెం చిక్కబడుతుంది, బ్యాటరీ బలం కొంచెం తగ్గుతుంది, లైనర్లు చల్లగా ఉంటాయి. ఆరోగ్యంగా ఉన్న బండి దీన్ని లెక్కచేయదు. అప్పటికే సగం పాడైన బండి ఆ కాస్తకే కూలబడుతుంది.

బ్యాటరీ సంగతే చూడండి. చలికి బ్యాటరీ పోయిందని అందరూ అంటారు. బెజవాడ బ్యాటరీలు పోయేది మే నెలలో. 45 డిగ్రీల ఎండకు రేకుల షెడ్డు కింద నిలబెట్టిన బండిలో బ్యాటరీ నీళ్లు ఆవిరైపోతాయి, ప్లేట్లు చెడిపోతాయి. జూలై, ఆగస్టుల్లో దమ్ము చక్రాలు వేసి చేలో దింపినప్పుడు బండి రోజంతా నడుస్తూనే ఉంటుంది, రోజుకు ఒకసారి సెల్ఫ్ కొడితే చాలు, ఆ లోటు బయటపడదు. దమ్ము అయ్యాక బండి మూల పడుతుంది. మూడు నెలలు ఛార్జింగ్ లేకుండా ఉన్న బ్యాటరీని కోతల వేళ తాళం తిప్పి ఒక్కసారిగా బలం అడుగుతాం. ఎండాకాలంలో తగిలిన దెబ్బ ధనుర్మాసంలో తెలుస్తుంది. బెజవాడ ఆటోనగర్‌లో బ్యాటరీ పని చేసే ఒక పెద్ద మేస్త్రి దగ్గర నేను నేర్చుకున్న పద్ధతి ఒకటుంది. దసరా వెళ్లగానే మూతలు విప్పి హైడ్రోమీటర్‌తో ప్రతి గదిలో గ్రావిటీ చూస్తాడాయన. 1250 చుట్టుపక్కల ఉంటే బ్యాటరీ నిండుగా ఉన్నట్టు. 1180 కిందికి దిగితే ఛార్జింగ్‌కి పంపాలి. ఛార్జింగ్ తర్వాత కూడా ఒక గది మాత్రమే వెనకబడి ఉంటే ఆ బ్యాటరీ మీద కోతలకు వెళ్లకూడదంటాడు.

కిందటి సంక్రాంతికి ముందు మా వీధిలో కౌలు చేసుకునే కుర్రాడొకడు చీకటితోనే వచ్చి తలుపు కొట్టాడు. ధాన్యం బస్తాలు ట్రక్కులో ఎక్కించి ఉన్నాయి, పొద్దెక్కేలోగా తోలాలి.

"బాబాయ్, మీ బండితో ఒక్కసారి లాగుతారా? చలికి పట్టేసింది."

వెళ్లేసరికి వాడి తమ్ముడు పెద్ద టైరు ముందు వంగి, సెల్ఫ్ మోటారు మీది రెండు బోల్టులకూ స్క్రూడ్రైవర్ ఆనించబోతున్నాడు. పిలిచి ఆపాను. సీటు ఎక్కి గేరు కడ్డీ పట్టుకుని చూశాను. బండి రెండో గేరులో ఉంది. రాత్రి జారకుండా గేరులో పెట్టి ఆపారట. సెల్ఫ్ ఆ స్క్రూడ్రైవర్‌కి అందుకుని ఉంటే బండి ముందుకు దూకేది, ఆ పిల్లవాడు పెద్ద టైరు కింద ఉండేవాడు. వాడికి ఇంకా ఇరవై నిండలేదు.

"ఆ స్క్రూడ్రైవర్ ఇటివ్వు అబ్బాయ్," అని తీసుకుని, గేరు న్యూట్రల్ చేసి, బ్యాటరీ పెట్టె మూత తీశాను. ప్లస్ బోల్టు బాగానే ఉంది. ఎర్త్ వైపు తెల్లగా, పచ్చగా చిలుము పట్టి బోల్టు తలే కనిపించడం లేదు. వాళ్లమ్మగారు స్నానాలకని పెట్టిన కాగులోంచి చెంబుడు వేణ్ణీళ్లు తెచ్చి పోస్తే చిలుము నురగలా కరిగి కారిపోయింది. స్పానర్ వేసి విప్పి, రెండు ముఖాలూ గరుకు కాగితంతో సీసం మెరిసేదాకా రుద్దాను. అసలు దొంగ ఇంకో కొసన ఉన్నాడు. ఎర్త్ వైరు ఛాసిస్‌కి బిగించిన చోట ఎప్పుడో రంగు వేశారు, ఆ రంగు కింద తుప్పు పొరలు కట్టింది. పైకి చూస్తే బోల్టు గట్టిగానే ఉంది. విప్పి, ఇనుము తెల్లగా కనిపించేదాకా గీకి, మళ్లీ బిగించి, పైన కాస్త గ్రీజు పూశాను. కుర్రాణ్ని సీటు మీద కూర్చోబెట్టి, క్లచ్ పూర్తిగా తొక్కించి, చేతి రేజు సగానికి పెట్టించి తాళం తిప్పమన్నాను. రెండు తిప్పులకు అందుకుంది. ధాన్యం వెళ్లిపోయింది. బ్యాటరీలో నీళ్లు ప్లేట్ల కిందికి దిగి ఉండటం చూసి, దాన్ని మాత్రం ఆ మధ్యాహ్నమే ఛార్జింగ్‌కి పంపించాను.

ఇలా స్క్రూడ్రైవర్‌తో సెల్ఫ్‌కి అడ్డదారిన కరెంటు ఇవ్వడం ప్రపంచమంతటా ట్రాక్టర్ దగ్గర మనుషుల్ని చంపుతున్న పాత అలవాటు. చాలా బళ్లకు కంపెనీయే ఒక స్విచ్ పెట్టింది. గేరు న్యూట్రల్‌లో ఉంటే తప్ప, కొన్నిటిలో క్లచ్ తొక్కితే తప్ప, తాళం తిప్పినా సెల్ఫ్ తిరగదు. ఆ స్విచ్ కాలక్రమంలో పాడవుతుంది. కొత్తది వేయడం బదులు రెండు వైర్లూ కలిపి చుట్టేసి పంపించేస్తారు. తర్వాత తాళం సరిగ్గా పనిచేయడం మానేస్తుంది, అప్పుడు స్క్రూడ్రైవర్ వస్తుంది. ఇలా ఒక్కో రక్షణా ఊడిపోతూ, చివరికి బండికీ మనిషికీ మధ్య ఏమీ మిగలదు.

రెండో అలవాటు కాలువ గట్టుది. కృష్ణా డెల్టా అంతా బల్లపరుపు నేల. వాలు కావాలంటే కాలువ గట్టే దిక్కు. అందుకని రాత్రి పని ముగిశాక బండిని గట్టు దిగే వాలులో ఆపి, టైరు కింద రాయి పెట్టి, పొద్దున రాయి తీసి దొర్లించి గేరు కలుపుతారు. ఇంజిన్ అందుకుంటే సరే. అందుకోకపోతే పవర్ స్టీరింగ్ బండిలో చక్రం తిప్పడమే గగనం. మంచులో తడిసిన గట్టు మీద బ్రేకు ఒక టైరుకే పట్టినా బండి అడ్డం తిరుగుతుంది. పక్కన నీళ్లు. బందరు కాలువైనా, ఏలూరు కాలువైనా, ఊళ్లోని చిన్న పంటకాలువైనా ట్రాక్టర్ తలకిందులై పడితే డ్రైవరు సీటు కింద ఇరుక్కుంటాడు. వెనక ట్రక్కు తగిలించి ఉంటే అది తోసుకుంటూ వస్తుంది. రాయి తీసే పనిని ఎక్కువసార్లు చిన్న పిల్లలకు చెబుతారు. నాకు అన్నిటికంటే కోపం తెప్పించేది ఇదే.

మూడోది మంట. ఎయిర్ క్లీనర్ గొట్టం విప్పి పెట్రోల్‌లో ముంచిన గుడ్డ చూపించడం, ఈథర్ స్ప్రే కొట్టడం. గాలి గొట్టంలో హీటర్ ఉన్న ఇంజిన్‌లో ఈథర్ కొడితే అది సిలిండర్ దాకా వెళ్లకుండానే గొట్టంలో పేలుతుంది. హీటర్ లేకపోయినా పిస్టన్ పైకి వస్తుండగానే ముందే అంటుకుని రింగు గట్లను విరగ్గొడుతుంది. ఒకసారి అలవాటైన బండి మళ్లీ అది లేనిదే అందుకోదు, ఎందుకంటే ప్రతిసారీ రింగులు ఇంకాస్త పోతాయి. ఆ తర్వాత బోరు పనికి చెల్లించే డబ్బుతో రెండు మంచి బ్యాటరీలు వస్తాయి.

ఇవన్నీ మానేసి ఏం చేయాలి? మన పెద్దవాళ్లు చేసిన పనే ఒకటుంది, నేను ఇప్పటికీ చేస్తాను. ఉత్త నీళ్లతో నడిచే రేడియేటరైతే చల్ల నీళ్లు వదిలేసి, చెయ్యి తట్టుకునేంత వేడి నీళ్లు పోసి పది నిమిషాలు ఆగడం. సలసల కాగేవి పోయకూడదు, హెడ్డు పగులుతుంది. లైనర్ గోరువెచ్చనైతే చాలు, గాలిలోని వేడి గాల్లోనే ఉంటుంది. పాత బళ్లలో కొన్నిటికి గాలి గొట్టంలో కంపెనీ బిగించిన హీటర్ ఉంటుంది, ఎప్పుడో వైరు తెంచేసి ఉంటారు, అది మళ్లీ కలిపించుకోవచ్చు. సెల్ఫ్ పది సెకన్లకు మించి కొట్టకూడదు. కొట్టాక ఒక నిమిషం ఆగాలి, బ్యాటరీ తేరుకుంటుంది, సెల్ఫ్ మోటారులో బొగ్గులు చల్లబడతాయి. అందుకున్నాక రేజు తగ్గించి, ఆయిల్ ప్రెషర్ ముల్లు లేచిందో లేదో చూసి, ఓ రెండు నిమిషాలు తిరగనివ్వాలి.

మంచు పడే రాత్రులకు ఇంకో జాగ్రత్త కావాలి. సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో తేమ పైకప్పుకు పట్టి నీటి బొట్లై డీజిల్లోకి దిగుతుంది. నీళ్లు బరువు, అడుగున చేరతాయి. ఫిల్టర్ కింద గిన్నె విప్పి చూస్తే అడుగున తేటగా ఒక పొర కనిపిస్తుంది. అందుకే పని అయిపోయిన సాయంత్రమే ట్యాంకు నింపాలి. గడ్డి తోలిన బండికైతే ఆయిల్ బాత్ ఎయిర్ క్లీనర్ కూడా విప్పాలి. నూర్పిడి దుమ్ము చేరి అడుగున ఆయిల్ బురదగా మారితే ఇంజిన్‌కి ఊపిరి అందదు. ఊపిరి అందనిదాన్నీ మనం చలికి పట్టేసిందనే అంటాం.

ఇంత పాత బండిని ఎందుకు పట్టుకుని వేలాడటం, అమ్మేసి కొత్తది కొనుక్కోవచ్చు కదా అని కొందరు అంటారు. ఆ మాట అనేవాళ్లు డెల్టాలో భూమి ఎవరు చేస్తున్నారో చూడాలి. సొంత భూమి ఉన్నవాళ్లు బెజవాడలోనో, హైదరాబాద్‌లోనో, అమెరికాలోనో ఉన్నారు. చేలో ఉన్నది కౌలు రైతు. బ్యాంకు అప్పు పుట్టని కౌలు రైతుకు దక్కే ట్రాక్టర్ ఎవరో వాడి వదిలేసినదే. ఈ బళ్లకు ఒక చరిత్ర కూడా ఉంది. ఐషర్ 1959లో ఫరీదాబాద్‌లో తొలి బండి తీసింది. 1960లో మద్రాసులో టాఫే పుట్టింది. మహీంద్రా వాళ్లు ఇంటర్నేషనల్ హార్వెస్టర్‌తో కలిసి తెచ్చిన బి-275, సోవియట్ యూనియన్ నుంచి దిగిన బైలారస్, చెక్ దేశపు జెటార్ మన నేల మీద దుక్కి దున్నాయి. బైలారస్ బళ్లలో కొన్నిటికి పెద్ద ఇంజిన్‌ని తిప్పడానికే పక్కన చిన్న పెట్రోల్ ఇంజిన్ ఉండేది. ఆ బళ్లు తయారైన మిన్స్క్ చలికి చేసిన ఏర్పాటు అది. జెటార్ సాయంతో 1971లో ట్రాక్టర్లు మొదలుపెట్టిన హెచ్ఎంటీ విభాగాన్ని మూసేయాలని 2016లో కేంద్రం నిర్ణయించింది. ఆ బళ్లు మాత్రం ఇంకా తిరుగుతున్నాయి, వాటి సామాను కోసం మనుషులు ఆటోనగర్ దుకాణాల్లో వెతుకుతూనే ఉన్నారు. ఇనుము మంచిది. చూసుకునే మనిషి ఉంటే ఇంకో తరం నడుస్తాయి.

పొద్దున బండి తీయడం ఆలస్యమైతే ఏం మునిగిపోతుందని కూడా అంటారు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అంతకుముందు రోజుల్లో డెల్టా రైతు ఎలా పరుగెత్తాడో చూసినవాళ్లు ఆ మాట అనలేరు. కోసిన పనలు చేలో ఉన్నాయి, నూర్చిన ధాన్యం రోడ్ల మీద ఉంది. తేమ 17 శాతం మించితే కొనుగోలు కేంద్రంలో పేచీ. అలాంటి పూట బండి ఒక గంట ఆలస్యంగా అందుకోవడమంటే ఒక పంట పోవడమే. భయంతో ఉన్న మనిషి చేతికే స్క్రూడ్రైవర్ వస్తుంది. అందుకే బండిని చూసుకునే పని ఆ పూట చేసుకునేది కాదు, కోతలకు ముందే జరిగి ఉండాలి.

కొత్త యంత్రాలకు సబ్సిడీ ఇచ్చే పథకాలున్నాయి, డ్రోన్లు ఎగరేసి చూపిస్తున్నారు. కాదనను. మా ఊరికి పాత బండి బ్యాటరీ గ్రావిటీ చూడటానికి మాత్రం ఎవరూ రాలేదు. వ్యవసాయ యంత్రాల శిక్షణకు పెద్ద కేంద్ర సంస్థ అనంతపురం జిల్లా గార్లదిన్నెలో ఉంది. పామర్రు కుర్రాడు అక్కడిదాకా వెళ్లలేడు. ఘంటసాలలో, గరికపాడులో కృషి విజ్ఞాన కేంద్రాలున్నాయి. ఊరూరా ప్రభుత్వ రైతు కేంద్రాలున్నాయి. ఆటోనగర్‌లో ఈ విద్య చేతిలో ఉన్న మేస్త్రులున్నారు. నవంబరు మొదటి వారాల్లో మండలానికి ఒక రోజు వీళ్లందరినీ ఒకచోట చేర్చి, ఊళ్లోని పాత బళ్లన్నీ రప్పించి, బ్యాటరీలు చూసి, ఎర్త్ వైర్లు గీకించి, బండి నడిపే కుర్రాళ్లకు తెల్ల పొగ రావడానికీ పొగే రాకపోవడానికీ తేడా చూపించమని వ్యవసాయ శాఖను అడుగుతున్నాను. మేస్త్రికి ఆ రోజు కూలి ప్రభుత్వం ఇవ్వాలి. అది పెద్ద ఖర్చు కాదు.

మేస్త్రులకు నా విన్నపం వేరే ఉంది. మీ దగ్గరికి వచ్చిన బండిలో న్యూట్రల్ స్విచ్ వైర్లు కలిపి చుట్టి ఉంటే, రైతు అడగకపోయినా ఆ చుట్టు విప్పండి. కొత్త స్విచ్ వేసి, గేరులో పెట్టి తాళం తిప్పి, సెల్ఫ్ తిరగకపోవడం అతనికి చూపించి పంపండి. రైతులు కూడా ఈసారి ఆయిల్ మార్పించడానికి వెళ్లినప్పుడు ఆ పని చేయించుకోండి. గంటలో అయిపోతుంది.